తాపీ మేస్త్రీల ఆటను లోకానికి చూపించిన సెసిల్ షార్ప్

అది 1899 డిసెంబర్ 26. క్రిస్మస్ మర్నాడు. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ పట్నాన్ని ఆనుకుని ఉన్న హెడింగ్టన్ అనే ఊళ్లో, పండక్కి అత్తగారింటికి వచ్చిన ఒక సంగీతం మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఇంటి ముందుకి కొందరు మగవాళ్లు వచ్చి నిలబడ్డారు. ఒంటి మీద తెల్ల బట్టలు, వాటికి రంగు రిబ్బన్లు, మోకాళ్ల కింద వరసలు వరసలుగా గజ్జెలు. కొందరి చేతుల్లో కర్రలు, కొందరి చేతుల్లో తెల్ల రుమాళ్లు. ఒకతని చేతిలో మాత్రం కాన్సర్టినా. అంటే రెండు చేతులతో లాగుతూ నొక్కుతూ వాయించే చిన్న హార్మోనియం లాంటి వాద్యం. అతను వాయించడం మొదలుపెట్టగానే మిగతావాళ్లు రెండు వరసలుగా నిలబడి ఆడారు. గజ్జెలు ఘల్లుమన్నాయి. కర్రకు కర్ర తగిలింది. మన కోలాటం చూసినవాళ్లకి ఆ దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు.

ఆట అయిపోగానే ఆ మాస్టారు బయటికి పరుగెత్తాడు. ఆయన పేరు సెసిల్ షార్ప్. కాన్సర్టినా వాయించినతని పేరు విలియం కింబర్. వయసు 27. వృత్తి తాపీ పని.

నిజానికి అది చలికాలంలో ఆడే ఆట కాదు. మే, జూన్ నెలల్లో వచ్చే విట్సన్ పండక్కి ఆడతారు. మరి డిసెంబర్ చలిలో ఎందుకొచ్చారంటే, పనుల్లేక. చలికి సున్నం మాలు బిగుసుకోకముందే గడ్డకడుతుంది, కట్టిన గోడ నిలవదు. అందుకే మంచు కాలంలో కట్టుబడి పని ఆగిపోతుంది. పని ఆగితే కూలి ఆగుతుంది. నాలుగు డబ్బులు వస్తాయని గజ్జెలు కట్టుకుని ఇంటింటికీ బయల్దేరారు. అకాలంలో ఆడుతున్నందుకు కింబర్ ఆ పెద్దమనిషికి క్షమాపణ కూడా చెప్పుకున్నాడట.

సైటు మీద మేస్త్రీలతో పని చేయించే వృత్తి నాది. ఈ కథ మొదటిసారి తెలుసుకున్నప్పుడు నాకు ముందు కనపడింది షార్ప్ కాదు, ఆ కింబరే. గల్ఫ్‌లో ఎండాకాలం మధ్యాహ్నం పూట పని ఆపిస్తారని మనకి తెలుసు. అక్కడ చలికి ఆగింది. ఆగిన పనిలోంచి ఒక ఆట బయటికొచ్చింది. ఆ ఆట వెంట పడిన షార్ప్ జీవితం ఏ దారి పట్టిందో చెప్పుకుందాం.

పొట్ట చేతపట్టుకుని అడిలైడ్‌కి

సెసిల్ షార్ప్ 1859 నవంబర్ 22న లండన్‌లో పుట్టాడు. తండ్రి ఇంటి కప్పులకు వేసే పలకరాయి వ్యాపారి. కొడుకు కేంబ్రిడ్జ్‌లో లెక్కలు చదివాడు గానీ మనసంతా సంగీతం మీదే. డిగ్రీ చేతికొచ్చాక 1882లో ఓడెక్కి ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరానికి చేరాడు. అక్కడ ఆయనకోసం ఉద్యోగం ఏమీ సిద్ధంగా లేదు. కొన్నాళ్లు గుర్రపు బళ్లు కడిగాడు. తర్వాత బ్యాంకులో గుమాస్తా అయ్యాడు. ఆ తర్వాత అక్కడి ప్రధాన న్యాయమూర్తి దగ్గర సహాయకుడిగా కుదిరాడు. సాయంత్రాలు మాత్రం సంగీతానికే. చివరికి ఆ ఉద్యోగం కూడా వదిలేసి 1889లో ఒక సంగీత కళాశాలకి డైరెక్టర్ల్లో ఒకడయ్యాడు. రెండేళ్లకే ఆ భాగస్వామ్యం చెడింది. 1892లో పదేళ్ల వలస జీవితం ముగించుకుని ఇంటికి తిరిగొచ్చాడు. పెద్దగా వెనకేసుకున్నదేమీ లేదు.

లండన్‌లో పిల్లలకు సంగీతం చెప్పుకుంటూ బతికాడు. 1893లో పెళ్లయింది. లడ్‌గ్రోవ్ అనే బడిలో పాఠాలు, 1896 నుంచి హాంప్‌స్టెడ్ సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్. ఆరోగ్యం అంతంత మాత్రం, ఉబ్బసం జీవితాంతం వెంటాడింది. నలభై ఏళ్లు వచ్చేసరికి ఆయన చాలామందిలాంటి ఒక సంగీతం మాస్టారు, అంతే. అప్పుడు ఆ కిటికీ ముందు ఆట జరిగింది.

మర్నాడు కింబర్‌ని పిలిపించుకుని ఐదు బాణీలు వాయించమని స్వరాలు రాసుకున్నాడు. అయితే అడుగులు రాసుకోలేదు. ఆటను కూడా కాగితం మీద పెట్టొచ్చన్న ఆలోచన అప్పటికి ఆయనకి రాలేదు. అసలు ఆ ఆటని మొదట పట్టించుకున్నవాడు కూడా ఆయన కాదు. హెడింగ్టన్ క్వారీలో 1887 ప్రాంతంలో ఆగిపోయిన ఆ మోరిస్ ఆటని, ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన పెర్సీ మానింగ్ అనే పాత విషయాల అన్వేషకుడు 1899 మార్చిలో మళ్లీ ఆడించాడు. మానింగ్ ఆ పని చేయకపోతే డిసెంబర్‌లో గజ్జెలు కట్టేవాళ్లే ఉండేవారు కాదేమో.

తోటమాలి పాట, కుట్టుపని అమ్మాయిల ఆట

1903లో షార్ప్ సోమర్‌సెట్ జిల్లాలోని హాంబ్రిడ్జ్ అనే పల్లెకి వెళ్లాడు. స్నేహితుడి ఇంట్లో జాన్ ఇంగ్లండ్ అనే తోటమాలి పని చేసుకుంటూ పాడుతున్న పాట చెవిన పడింది. వెంటనే రాసుకున్నాడు. ఆ రోజు నుంచి సెలవు దొరికితే చాలు, సైకిలు మీద పల్లెలు తిరిగి ముసలివాళ్ల దగ్గర పాటలు రాసుకోవడమే పని. రైతు కూలీలు, ఇళ్లల్లో చేతి కుట్టుపని చేసుకునే ఆడవాళ్లు, అనాథ శరణాలయాల్లో కాలం గడిపే వృద్ధులు ఆయనకి గురువులయ్యారు.

1905లో మేరీ నీల్ అనే ఆవిడ ఆయన దగ్గరకొచ్చింది. లండన్‌లో బట్టలు కుట్టే పేద అమ్మాయిల కోసం ఎస్పెరాన్స్ క్లబ్ అని ఒకటి నడిపేది. రోజంతా సూది పట్టుకుని వంగి కూర్చునే ఆ పిల్లలకు సాయంత్రం కాస్త పాట కావాలని అడిగింది. పాటలిచ్చాడు. తర్వాత ఆటలేమైనా ఉన్నాయా అని అడిగింది. షార్ప్ కింబర్ పేరు చెప్పాడు. ఆవిడ రైలెక్కి హెడింగ్టన్ వెళ్లి కింబర్‌ని వెతికి పట్టుకుంది. తాపీ మేస్త్రీ తన చుట్టంతో కలిసి లండన్ వచ్చి కుట్టుపని అమ్మాయిలకు అడుగులు నేర్పాడు. ఆ అమ్మాయిలు నేర్చుకుని ఊరూరా తిరిగి బడిపిల్లలకి, కూలీలకి, రైతులకి నేర్పారు. ఈ ఆట మళ్లీ బతికింది మొట్టమొదట ఈ పనివాళ్ల కాళ్ల మీదే.

అమ్మాయిలు ఆడుతుంటే చూసి షార్ప్ అడుగులు కూడా రాయడం మొదలుపెట్టాడు. 1907లో మొదటి మోరిస్ పుస్తకం వచ్చింది. అక్కడి నుంచే ఇద్దరికీ గొడవ మొదలైంది. ఆట అంటే ఆనందం, తెలిసినవాడు తెలియనివాడికి నేర్పుకుంటూ పోవాలి, ఒక అడుగు అటూఇటూ అయినా ఫరవాలేదు అని మేరీ నీల్ వాదన. పాతవాళ్లు ఎలా ఆడారో అలాగే ఆడాలి, తప్పులు నేర్పితే ఆటే మారిపోతుంది, శిక్షణ పొందినవాళ్లే నేర్పాలి అని షార్ప్ వాదన. ఇద్దరి మాటలోనూ నిజముంది. కానీ పుస్తకాలు, పలుకుబడి, విద్యాశాఖలో మాట చెల్లుబడి షార్ప్ వైపే ఉన్నాయి. 1911 డిసెంబర్‌లో ఆయన ఇంగ్లీష్ ఫోక్ డాన్స్ సొసైటీ స్థాపించాడు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక మేరీ నీల్ క్లబ్బు మూతపడింది. చాలా ఏళ్లపాటు ఆవిడ పేరు ఈ చరిత్రలో మరుగున పడిపోయింది.

పాత పుస్తకంలోంచి కంట్రీ డాన్స్

మోరిస్ ఆట కొందరు మగవాళ్లు చూసేవాళ్ల కోసం ఆడేది. ఊరంతా కలిసి, ఆడామగా జతలుగా తమ కోసం తాము ఆడుకునే ఆట ఇంకొకటి ఉంది. దాన్ని కంట్రీ డాన్స్ అంటారు. లండన్‌లో జాన్ ప్లేఫర్డ్ అనే పుస్తకాల వ్యాపారి 1651లో ఇలాంటి ఆటలు వందకు పైగా అచ్చు వేశాడు. తర్వాత ఆ ఆటలు ఫ్రాన్స్ వెళ్లి కాంట్రెడాన్స్ అయ్యాయి. వలసవాళ్లతో ఓడెక్కి అమెరికా చేరి అక్కడ కాంట్రా డాన్స్ అయ్యాయి. షార్ప్ కాలానికి ప్లేఫర్డ్ పుస్తకం లైబ్రరీల్లో దుమ్ము పట్టి ఉంది. అందులో అడుగులు ముక్తసరిగా రాసి ఉండటంతో ఎవరికీ అర్థమయ్యేవి కావు. షార్ప్ వాటిని పల్లెల్లో ఇంకా మిగిలి ఉన్న ఆటలతో పోల్చి చూసి విడమర్చాడు. 1909 నుంచి 1922 వరకు కంట్రీ డాన్స్ పుస్తకాలు ఆరు భాగాలుగా తెచ్చాడు.

ఈ ఆట ఎలా ఉంటుందో కాంట్రా పద్ధతిలో చెప్తాను. జతలు ఎదురెదురుగా నిలబడితే రెండు పొడుగాటి వరసలు ఏర్పడతాయి. వరసలో పక్కపక్క ఉన్న రెండు జతలు కలిసి నలుగురి చిన్న గుంపు అవుతారు. చేతులు పట్టుకుని చుట్టూ తిరగడం, ఒకరి స్థానంలోకి ఒకరు మారడం, జతతో గిరగిరా తిరగడం. అన్నీ కలిపి 64 అడుగులు. పాట బాణీ కూడా సరిగ్గా అంతే, అర నిమిషం పైచిలుకు. బాణీ ఒకసారి పూర్తయ్యేసరికి ఒక జత పైకి, ఒక జత కిందికి జరుగుతుంది. ఎదురుగా కొత్త జత వస్తుంది. మళ్లీ అదే ఆట, కొత్త మనుషులతో. అలా పదిహేను నిమిషాల్లోపే వరసలో ఉన్న చాలామందితో చేయి కలిపేస్తావు.

కొత్తవాళ్లకు భయం అక్కర్లేదు. పాట మొదలవ్వకముందే కాలర్ అనే మనిషి అందరినీ మెల్లగా నడిపించి చూపిస్తాడు. పాట సాగుతుంటే ఒక క్షణం ముందే తర్వాతి అడుగు పేరు చెప్తాడు. అందరికీ పట్టుబడ్డాక ఊరుకుంటాడు. వాద్యం మాత్రం ఎదురుగానే ఉంటుంది. ఫిడేలు, పియానో, గిటారు లాంటివి. రికార్డు పెట్టి ఆడటానికీ దీనికీ తేడా ఉంది. ఆడేవాళ్లు అలసిపోతే వాయించేవాళ్లకి తెలుస్తుంది. ఉషారెక్కితే వాళ్లూ ఉషారెక్కిస్తారు. మన భజన మండలిలో మద్దెల వాయించేవాడు కాళ్ల వైపు చూస్తూ వాయించడం లేదూ, అలాగే.

యాభై ఐదో ఏట మళ్లీ వలస

1914లో యుద్ధం వచ్చింది. ఇంగ్లండ్‌లో పాఠాలు, ఉపన్యాసాలు ఆగిపోయాయి. ఇంట్లో నలుగురు పిల్లలు. 55 ఏళ్ల షార్ప్ మళ్లీ ఓడెక్కాడు. న్యూయార్క్‌లో షేక్‌స్పియర్ నాటకం ఒకదానికి సంగీతం, ఆటలు సమకూర్చే పని దొరికింది. అక్కడి నుంచి నగరాలు తిరిగి ఆటలు నేర్పాడు. 1915 మార్చిలో బోస్టన్‌లో తన సొసైటీకి అమెరికా శాఖ ఏర్పడింది. ఆ శాఖే తర్వాత కంట్రీ డాన్స్ అండ్ సాంగ్ సొసైటీగా మారి, అమెరికా అంతటా కాంట్రా, ఇంగ్లీష్ ఆటల బృందాలకు దన్నుగా నిలిచింది.

ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో కాంట్రా ఆటని షార్ప్ తీసుకెళ్లలేదు. న్యూ హాంప్‌షైర్ లాంటి చోట్ల రైతులు, ఫిడేలు వాయించేవాళ్లు తరతరాలుగా ఊరి హాళ్లలో ఆడుకుంటూ దాన్ని నిలబెట్టారు. ఎలిజబెత్ బర్చెనాల్ అనే ఆవిడ 1918లోనే అమెరికన్ ఆటలతో పుస్తకం తెచ్చింది. రాల్ఫ్ పేజ్ లాంటి కాలర్లు దాన్ని తర్వాతి తరాలకు అందించారు. షార్ప్ సొసైటీ ఇచ్చింది ఒక నీడ మాత్రమే.

అమెరికాలో ఉండగా ఆలివ్ డేమ్ క్యాంప్‌బెల్ అనే ఆవిడ అపలేచియన్ కొండల్లో తాను సేకరించిన పాటలు తెచ్చి చూపించింది. ఇంగ్లండ్‌లో ముసలివాళ్ల నోట మాత్రమే మిగిలిన పాటలు అక్కడ పిల్లల నోట కూడా ఉన్నాయని షార్ప్‌కి అర్థమైంది. 1916 నుంచి 1918 దాకా, మొత్తం 46 వారాలు, ఆ కొండల్లో తిరిగాడు. వెంట మాడ్ కార్పెలెస్ అనే యువతి. ఆయన స్వరం రాస్తే ఆవిడ మాటలు రాసేది. ఉబ్బసం, జ్వరాలు, రోడ్డు లేని కొండదారులు. అయినా దాదాపు 1,600 బాణీలు రాసుకున్నారు.

1917లో కెంటకీ రాష్ట్రంలోని పైన్ మౌంటెన్ బడిలో ఒక రాత్రి, ఇంటి వసారాలో లాంతరు వెలుగులో కొండవాళ్లు ఆట కట్టారు. పాట లేదు, వాద్యం లేదు. చుట్టూ ఉన్నవాళ్ల చప్పట్లు, కాళ్ల తాళం, కాలర్ గొంతు. అంతే. దానికి ఆయన రన్నింగ్ సెట్ అని పేరు పెట్టి తన పుస్తకాల్లో ఐదో భాగంగా రాశాడు.

ఆయన పరాయి దేశంలో ఉన్న ఆ 1916లోనే ఇంటి దగ్గర ఘోరం జరిగింది. సొసైటీ తరఫున ఆడి చూపించే కుర్రాళ్లలో నలుగురు, జార్జ్ బటర్‌వర్త్, పెర్సివల్ లూకస్, జార్జ్ విల్కిన్సన్, రెజినాల్డ్ టిడ్డీ, ఆ వేసవిలో ఫ్రాన్స్‌లో యుద్ధరంగంలో చనిపోయారు. ఇంటి నుంచి చెడ్డ కబురు దూరదేశంలో అందుకోవడం ఎలా ఉంటుందో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా ఆయన నోటుపుస్తకం పట్టుకుని కొండెక్కడం ఆపలేదు. వేరే దారి ఏముంది.

ఆయన చూడనివి

షార్ప్‌ని దేవుణ్ని చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కెంటకీలో చూసిన ఆట ఇంగ్లండ్ నుంచి చెక్కుచెదరకుండా వచ్చిన పురాతనమైన ఆట అని ఆయన నమ్మాడు. అది పొరపాటు. అందులో స్కాట్లండ్, ఐర్లండ్, ఫ్రాన్స్ ఆటలతో పాటు ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన నల్లజాతివాళ్ల పాలు కూడా ఉందని తర్వాతి పరిశోధకులు చూపించారు. కాలర్ పైనుంచి అడుగులు చెప్పే పద్ధతే నల్లజాతి ఫిడేలు వాద్యకారులతో మొదలైందని ఫిల్ జేమిసన్ 2015లో వచ్చిన తన పుస్తకంలో వాదించాడు. షార్ప్ ఆ కొండల్లో తెల్లవాళ్ల ఇళ్లకే ఎక్కువగా వెళ్లాడు. నల్లవాళ్ల గురించి ఆయన రాతల్లో చిన్నచూపు కనిపిస్తుంది. ఆడవాళ్లకు ఓటు హక్కు కోసం ఆయన సొంత చెల్లెలు ఎవెలిన్ జైలుకెళితే ఆయన మాత్రం ఆ ఉద్యమాన్ని ఒప్పుకోలేదు. మేరీ నీల్ విషయం ముందే చెప్పుకున్నాం.

కానీ ఇంకో వైపు కూడా చూడాలి. తోటమాలి పేరు, తాపీ మేస్త్రీ పేరు ఈ రోజు మనకి తెలుస్తున్నాయంటే, ఆయన నోటుపుస్తకంలో బాణీ పక్కన పాడినవాళ్ల పేరు, ఊరు, తేదీ రాసి పెట్టుకున్నాడు కాబట్టే. జీవితం మొత్తంలో దాదాపు 5 వేల బాణీలు. కింబర్‌ని తన ఉపన్యాసాలకు వెంటబెట్టుకెళ్లి, చదువుకున్నవాళ్ల సభల్లో వేదిక మీద నిలబెట్టి ఆడించాడు. వాళ్లిద్దరి స్నేహం చివరిదాకా నిలిచింది.

1923లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం గౌరవ సంగీత పట్టా ఇచ్చింది. 1924 జూన్ 23న, 64వ ఏట, షార్ప్ హాంప్‌స్టెడ్‌లో కన్నుమూశాడు. ఆయన జ్ఞాపకార్థం చందాలు పోగుచేసి లండన్‌లో సెసిల్ షార్ప్ హౌస్ కట్టారు. 1930 జూన్‌లో తెరిచారు. 1940లో బాంబు పడి దెబ్బతింటే బాగుచేసి 1951లో మళ్లీ తెరిచారు. ఇప్పటికీ అక్కడ కొత్తవాళ్లకు ఆటలు నేర్పుతారు.

మరి కింబర్? షార్ప్ పోయాక ఇంకో 37 ఏళ్లు బతికాడు. ఇటుక పేర్చాడు, కాన్సర్టినా వాయించాడు, కుర్రాళ్లకు అడుగులు నేర్పాడు. 1961లో, 89 ఏళ్ల వయసులో వెళ్లిపోయాడు. తేదీ డిసెంబర్ 26. కిటికీ ముందు ఆడిన రోజు అదే. హెడింగ్టన్‌లో ఆయన పేరుతో ఒక వీధి ఉంది. అక్కడి బృందం ఇప్పటికీ క్రిస్మస్ మర్నాడు గజ్జెలు కడుతుంది. ఇప్పుడు పనుల్లేక కాదు, ఆ రోజుని మర్చిపోకుండా ఉండటానికి.

మన క్యాంపుల్లోనూ గదుల్లోనూ కోలాటం వేయగలిగినవాళ్లున్నారు. చెక్కభజన తెలిసినవాళ్లున్నారు. డప్పు మీద పది రకాల దరువులు పలికించేవాళ్లున్నారు. పగలు వాళ్లు హెల్మెట్ నంబర్లు. సెలవు రోజున ఎవరో ఒకరు పక్కన కూర్చుని అడగాలి. ఏ ఊరు, ఎవరు నేర్పారు, ఎలా ఆడేవారు అని. ఫోనులో రికార్డు చేయండి, కానీ పేరు కూడా రాసుకోండి. ఆ తర్వాత ఇద్దరికి నేర్పించండి. షార్ప్ దగ్గర రాసుకునే ఓపిక, మేరీ నీల్ దగ్గర పంచుకునే మనసు, రెండూ తీసుకుందాం. మన మధ్యనున్న కింబర్ అవకాశం కోసం ఇంకో చలికాలం దాకా ఆగనక్కర్లేదు.